తెలుగు సంఘం సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి వార్షిక నివేదిక (2024–25), నైరోబీ, కెన్యా

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, వినాయక చవితి, బతుకమ్మ, సంక్రాంతి ఏటా జరిగినట్టే ఘనంగా జరిగాయి. వంటలు చూసుకున్న పార్క్‌లాండ్స్ అక్కలకు, పంచాంగ శ్రవణం చేసిన పంతులుగారికి, పిల్లలచేత వేమన పద్యాలు చెప్పించిన తెలుగు బడి టీచర్లకు, అడగ్గానే జనరేటర్ పంపిన సభ్యుడికి కార్యవర్గం తరఫున కృతజ్ఞతలు. ఆ ఫొటోలు మీరంతా చూసినవే. ఈ ఏడు మనం గర్వంగా చెప్పుకోవాల్సింది ఆఫ్రికా వార్తలను మీడియా ఎలా చూపిస్తుందన్న దాని మీద పెట్టిన సదస్సు.

2024 జూన్ 25 మీకు గుర్తుండే ఉంటుంది. పన్నులు పెంచే ఫైనాన్స్ బిల్లు వద్దంటూ యువత కెన్యా పార్లమెంటులోకి చొచ్చుకెళ్లింది, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. గుంటూరు నుంచి, కరీంనగర్ నుంచి మన అమ్మానాన్నల ఫోన్లు ఆగలేదు. వాళ్లకు టీవీలో కనిపించింది మంటలే. ఆ పిల్లలు బిల్లును స్థానిక భాషల్లోకి మార్చుకుని చదివారనీ, మరునాడే అధ్యక్షుడు రూటో సంతకం పెట్టనన్నారనీ చెప్పినవాళ్లు లేరు. ఒక తెలుగు ఛానల్ అయితే ఊరి పేరైనా లేకుండా ‘ఆఫ్రికాలో అల్లర్లు’ అని స్క్రోలింగ్ వేసింది.

సదస్సుకు వచ్చిన స్థానిక విలేకరి అసలు సంగతి విప్పి చెప్పారు. పెద్ద వార్తా సంస్థలకు నైరోబీ, జొహన్నెస్‌బర్గ్, డకార్ లాంటి కొద్ది నగరాల్లోనే కార్యాలయాలు. ఇక్కడున్న ఒక్క విలేకరే చుట్టుపక్కల దేశాలన్నీ చూసుకోవాలి. ఏది వెయ్యాలో తేల్చేది లండన్‌లోనో న్యూయార్క్‌లోనో ఉన్న డెస్క్. 2014లో గినీ, లైబీరియా, సియెర్రా లియోన్‌లలో ఎబోలా ప్రబలితే కెన్యా సఫారీలు కూడా రద్దయ్యాయి. నైరోబీకి ముంబై కంటే లైబీరియా రాజధాని మన్రోవియాయే దూరం! 2015లో ఒబామా రాక ముందు సీఎన్‌ఎన్ కెన్యాను ఉగ్రవాదానికి నెలవన్నట్టు చూపింది. ఇక్కడి జనం సామాజిక మాధ్యమాల్లో గట్టిగా నిలదీశాక, ఆ సంస్థ పెద్ద ఒకరు నైరోబీ వచ్చి క్షమాపణ చెప్పుకున్నారు. అడిగితే ఫలితం ఉంటుందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

వార్తల కెమెరామన్ మొహమ్మద్ అమీన్ గురించి చెప్పినప్పుడు హాలంతా నిశ్శబ్దమైంది. నైరోబీలోనే పుట్టిన మన ఉపఖండపు మూలాలవాడు. 1984లో ఇథియోపియా కరువును అక్కడి కోరెమ్ పట్టణంలో ఆయన తీసిన దృశ్యాలు బీబీసీలో వచ్చి లోకాన్ని కదిలించాయి, కోట్ల విరాళాలు తెచ్చాయి. కానీ ఆ కరువు వెనకున్న అంతర్యుద్ధం చాలామందికి తెలియనే లేదు. ఇప్పుడు సుడాన్‌ది దీనికి పూర్తిగా వ్యతిరేకం. 2023 ఏప్రిల్‌లో మొదలైన యుద్ధంలో కోటి మందికి పైగా ఇళ్లు విడిచారు. భారత ప్రభుత్వం చేపట్టిన తరలింపు ‘ఆపరేషన్ కావేరీ’లో మనవాళ్లు పోర్ట్ సుడాన్ నుంచి బయటపడేదాకా మన ఛానళ్లు చూపించాయి, తర్వాత దాదాపు మరిచిపోయాయి. ఇది నాకు చాలా బాధ కలిగించింది.

ఇంత మంచి సభకు కుర్చీలు వేయడానికి పేర్లిచ్చిన యువకుల్లో సగం మంది రాలేదు. వాట్సాప్‌లో బొటనవేలు గుర్తు పెడితే కుర్చీలు కదలవు. హాలు అనుమతి కాగితం చివరి రోజుదాకా ఆపిన అధికారి వల్ల బ్యానర్ తేదీ కూడా మార్చాల్సి వచ్చింది.

జమాఖర్చులు కోశాధికారి సమర్పిస్తారు, ఆడిటర్ సంతకం అయింది. చందా బాకీలున్నవారు దయచేసి సమావేశంలోపు కట్టండి.

తెలుగు ఛానళ్లు ఇక్కడి వార్త కోసం ఫోన్ చేస్తే ఊరు, దేశం, కారణం సహా చెప్పేందుకు ఒక మీడియా ఉపసంఘం వేయాలని తీర్మానం పెడుతున్నాం. స్వాహిలీ బాగా వచ్చినవారు, ఫోన్ ఎత్తేవారు పేర్లివ్వండి.

ఇట్లు,
కార్యదర్శి