టెఫ్లాన్ సీళ్ల విషయంలో నేను చేసిన పొరపాటు

గాజువాక ఆటోనగర్‌లో మా షాపుకి పంపులు తెచ్చే వాళ్లందరికీ నమస్కారం. ఇది ఆఫర్ మెసేజ్ కాదు. పోయిన చేపల వేట నిషేధం రోజుల్లో మా దగ్గర డీజిల్ పంపుకి తెల్ల సీలు (తిరిగే షాఫ్ట్ చుట్టూ డీజిల్ కారకుండా ఆపే టెఫ్లాన్ రింగు) వేయించుకున్న వాళ్లు దయచేసి చివరిదాకా చదవండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, బోట్లు హార్బర్‌లో కట్టేసి ఉంటాయి కదా. జూన్ 15న బ్యారెల్లోంచి ట్యాంకులోకి డీజిల్ తోడదామని స్విచ్ వేస్తే 12 వోల్టుల చిన్న పంపు మూలుగుతుంది తప్ప తిరగదు. మోటారు బాగానే ఉంటుంది. రెండు నెలలు కదలకపోయేసరికి నల్ల రబ్బరు సీలు అంచు షాఫ్ట్‌కి అతుక్కుపోతుంది. పెద్ద మోటారైతే విదిలించుకుని తిరిగేస్తుంది, దీనికంత బలం ఎక్కడిది? ఫ్యూజ్ పోతుంది. ఏటా ఆ వారమంతా నా ఫోను మోగుతూనే ఉండేది.

అందుకే రబ్బరు మానేసి అందరికీ టెఫ్లాన్ వేశాను. దాని సుగుణం జారుడు ఒక్కటే కాదు. ఆగి ఉన్న షాఫ్ట్‌ని కదిలించడానికీ, తిరిగే షాఫ్ట్‌ని తిప్పడానికీ కావలసిన బలంలో పెద్ద తేడా ఉండదు. కాబట్టి నెలల తరబడి ఆగిన పంపు కూడా మొదటి స్విచ్‌కే తిరుగుతుంది. జూన్‌లో ఒక్క ఫోను రాలేదు. నేను కాలరెగరేశాను.

కార్తీకమాసంలో పంపులు ఒక్కొక్కటే వెనక్కి రావడం మొదలైంది. మొదటిది బల్ల మీద విప్పాను. సీలు కొత్తదానిలా ఉంది. దాని కింద షాఫ్ట్ మీద చుట్టూ సన్నటి గాడి, గోరు పెట్టి లాగితే టక్కున ఆగింది. డీజిల్ కారేది అక్కడినుంచే.

ఉత్త టెఫ్లాన్ మెత్తన, ఒత్తిడి పెడితే నెమ్మదిగా పక్కకు జరిగిపోతుంది. అందుకని తయారు చేసేవాళ్లు అందులో గాజు నూలో, కార్బనో, గ్రాఫైటో, కంచు పొడో కలుపుతారు. నేను తెచ్చింది గాజు కలిపింది. అది తను అరగదు, మెత్తటి స్టెయిన్‌లెస్ షాఫ్ట్‌ని అరగదీస్తుంది. ఏం కలిపారో సరుకుతో వచ్చిన కాగితంలో రాసే ఉంది. నేను చూసింది రేటు మాత్రమే. తప్పు సరుకు ఇచ్చినవాళ్లది కాదు, నాదే.

కాబట్టి ఆ తెల్ల సీళ్లన్నీ, ఇంకా లీకు మొదలవకపోయినా, ఉచితంగా మారుస్తాను. గాడి పడిన షాఫ్ట్‌కి సన్నటి స్లీవ్ తొడుగుతాను, ఆ ఖర్చూ నాదే. ఇప్పుడు వేస్తున్నది కార్బన్, గ్రాఫైట్ కలిపిన నల్ల టెఫ్లాన్. దానికి రబ్బరులా సాగి ముడుచుకునే గుణం లేదు కనుక వెనక స్ప్రింగు ఉండాలి, ఉప్పుగాలికి అది కూడా స్టెయిన్‌లెస్‌దే కావాలి. ఖరీదు మామూలు సీలుకి నాలుగైదు రెట్లు పడుతుంది. ఎక్కించేటప్పుడు షాఫ్ట్‌లో కీ కూర్చునే గాడి అంచు తగిలి సీలు లిప్ (షాఫ్ట్‌ని తాకే పెదవి) తెగుతుందని, షాఫ్ట్‌కి పాత ఎక్స్‌రే ఫిల్మ్ ముక్క చుట్టి దాని మీంచి జారుస్తున్నాం.

షాఫ్ట్ మీద గీతలుండి స్లీవ్ పట్టని పంపులకు మాత్రం రబ్బరే వేస్తాను, మీరు టెఫ్లాన్ అడిగినా సరే. గీతల్లో సర్దుకుపోవడం రబ్బరుకే చాతనవుతుంది.

పెట్రోలు జనరేటర్ల వాళ్లకు ఒక మాట. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. మామూలు నైట్రైల్ రబ్బరు అందులో ఉబ్బి షాఫ్ట్‌ని బిగించేస్తుంది, మోటారుకి భారం పెరుగుతుంది. మీ పంపులకు వైటాన్ అనే, ఇథనాల్ పెట్రోలుని తట్టుకునే రబ్బరు వేస్తున్నాను. కొలత సరిపోయిందని బ్రేకు సీలు మాత్రం పెట్టించుకోకండి. ఒకాయన పెట్టించుకుని తెస్తే, విప్పేసరికి అది పునుగులా ఉబ్బి ఉంది.

వచ్చే నిషేధానికి బోటు కట్టేసిన వారంలోనే పంపు తెచ్చి ఇవ్వండి గురువుగారూ. జూన్ 12న తెచ్చి 14కి కావాలంటే నా వల్ల కాదు.