ఐసొద్దన్న అబ్బాయికి

మా మేనకోడలు నిన్న సాయంత్రం ఇంటికొచ్చింది. డెంగీ. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్ల కౌంటు 9 వేలకు పడిపోయి చిగుళ్ళ నుంచి రక్తం కారుతుంటే ప్లేట్‌లెట్లు ఎక్కించారు. అవి ఇచ్చిన అబ్బాయిది బొబ్బిలి దగ్గర పల్లె. పేరు రాయొద్దన్నాడు, రాయను. మాకు చుట్టం కాదు, ముఖపరిచయమైనా లేదు.

రాత్రి ఎనిమిదికి ఫోన్ చేస్తే "తెల్లారగట్ల బయల్దేరితే సరిపోతుందా?" అనడిగాడు. ఆ రాత్రి మిల్లులో షిఫ్టు ఉంది. నిద్ర లేకుండా వస్తే రక్తం తీసుకోరు. అందుకని కూలి వదులుకుని పడుకున్నాడు. మూడు రోజుల్లో ఆస్పిరిన్ వేసుకోలేదని తనే చెప్పాడు. వేసుకుంటే ప్లేట్‌లెట్లు సరిగ్గా పనిచేయవు. పొద్దున్న పూరీ మానేసి ఇడ్లీ తిన్నాడు. నూనెలు తింటే రక్తంలోని ద్రవం, అదే ప్లాస్మా, పాలలా తెల్లబడి సంచీ పనికిరాకుండా పోవచ్చు.

విశాఖలో శాంపిల్ తీసి, కౌంటు లక్షన్నర పైనే ఉందని, ఇన్ఫెక్షన్లు లేవని తేలాక గంటన్నర యంత్రం పక్కన పడుకున్నాడు. అది ప్లేట్‌లెట్లు వేరుచేసి మిగతా రక్తాన్ని తిరిగి ఒంట్లోకి పంపుతుంది. గడ్డకట్టకుండా కలిపే సిట్రేటు వల్ల కాల్షియం తగ్గి పెదాలు తిమ్మిరెక్కుతాయి. ఓర్చుకోకూడదు, చెప్పాలి. అతను చెప్పాడు, వేగం తగ్గించి కాల్షియం మాత్ర ఇచ్చారు.

సంచీని పిల్ల ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి బయట మేం ఐసు పెట్టె పట్టుకుని నిలబడ్డాం. చేతికి దూది అంటించుకుని వస్తూనే చూసి, "బాబాయ్, ఐసొద్దు. ఐసు రక్తం సంచీకి, దీనికి పెట్టకూడదు" అన్నాడు. ప్లేట్‌లెట్లను 20-24 డిగ్రీల మధ్య, కదుపుతూ ఉంచాలి. చల్లబడ్డవి ఒంట్లో ఎక్కువసేపు నిలవవు. ఆ ఒక్క మాట అనకపోతే అతని కష్టమంతా ఆ పెట్టెలోనే పోయేది.

రక్తానికి డబ్బిచ్చి పుచ్చుకోవడం 1998 జనవరి 1 నుంచి మన దేశంలో నిషేధం. కనీసం బస్సు ఖర్చులన్నా ఉంచుకోమంటే చెయ్యి వెనక్కి లాగేసుకున్నాడు. "కౌంటెంతొచ్చిందో చెప్పండి, చాలు" అన్నాడు. మర్నాడు 41 వేలని చెబితే అవతల కాసేపు మాట లేదు. ఇవ్వడం ఇది ఆరోసారట. ఇంతవరకు ఎవరూ తిరిగి ఫోన్ చేసి చెప్పలేదట. వినగానే నాకు ఏడుపు ఆగలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా రక్తం ఎక్కించి ఉంటే ఇచ్చినవాళ్ళ నంబరు మీ దగ్గర ఉందేమో చూడండి. ఇవాళే చేయండి. ఎప్పుడు ఎక్కించారో, ఎంత పెరిగిందో, మనిషి లేచి తిరుగుతోందో లేదో చెప్పండి. ఉత్త థాంక్సుతో వాళ్ళకేం తెలుస్తుంది? ఆ అబ్బాయి ఇప్పుడు రోజూ సాయంత్రం పిల్ల అన్నం తిందా అని అడుగుతున్నాడు. పైడితల్లమ్మ పండక్కి మా ఇంటికి భోజనానికి వస్తున్నాడు.

ఒకటి మాత్రం కడుపులో దాచుకోలేను. ఆస్పత్రిలో రాత్రి ఏడున్నరకు చీటీ చేతిలో పెట్టి "డోనర్ని తెచ్చుకోండి" అన్నారు. ఆ యంత్రం తమ దగ్గర లేదని, విశాఖ వెళ్ళాలని, ఐసు పెట్టకూడదని ఎవరూ చెప్పలేదు. చీటీ వెనక నాలుగు ముక్కలు అచ్చువేయిస్తే ఏం పోతుంది? భయంతో ఉన్నవాళ్ళకి ఇవన్నీ ఎలా తెలుస్తాయి?

అక్కా బావా, తమ్ముడూ వారం రోజులు అక్కడే ఉన్నారు. వాళ్ళకి వేరే చెప్పాలా.

మర్చిపోయాను, ఆ అబ్బాయి బదులు షిఫ్టు చేసిన తోటి కార్మికుడికి. సంచీ మీద ఎండ పడకుండా తువ్వాలు అడ్డం కట్టి తెచ్చిన కారు డ్రైవరుకి. డ్యూటీ దిగాక కూడా సంచీ పూర్తయ్యేదాకా పక్కనే నిలబడ్డ నర్సమ్మకి. రోజూ వేడినీళ్ళు పట్టిచ్చిన టీ కొట్టు పిన్నికి కూడా. అందరికీ దండాలు.