నెల తిరగకుండా గోడ కడగకండి

సంపాదకులకు నమస్కారం.

విజయనగరంలో ఇరవై రెండేళ్లుగా ఇళ్లకు రంగులు వేస్తున్నాను. సంక్రాంతికి ఇల్లు ముస్తాబు చేయించుకునే వాళ్లకు ఒక మాట చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. కొత్తగా రంగు వేసిన గోడను నెల తిరగకుండా కడగకండి.

కిందటి భోగినాడు జరిగిన సంగతి నన్ను ఇంకా బాధిస్తోంది. కంటోన్మెంట్‌లో ఒక ఇంటికి లప్పం పెట్టి, ప్రైమర్ వేసి, పైన రెండు పూతలు ఎమల్షన్, అంటే నీళ్లతో కలిపే రంగు, వేసి పండగకు పది రోజుల ముందు అప్పగించాను. భోగి మంట గేటుకు మరీ దగ్గరగా వేశారు. తెల్లారేసరికి ముందు గోడంతా మసి. బంధువులు వచ్చే వేళకు గోడ మెరవాలని ఆ ఇంటాయన బైకులు కడిగే దుకాణం నుంచి ప్రెషర్ పంపు తెప్పించి కొట్టించారు. మసి పోయింది. కిటికీ మూల దగ్గర అరచేయంత రంగు కూడా లప్పంతో సహా ఊడిపోయింది. "మేస్త్రీ, నాసిరకం రంగు వేశావా?" అని ఫోను. "బాబు గారూ, రంగు మంచిదే, ఇంకా పచ్చిగా ఉంది" అంటే ఆయన నమ్మలేదు. చేతికి అంటని రంగు పచ్చిదెలా అవుతుందని అడిగారు. నాకు రావలసిన బాకీ కంటే నా పనికి వచ్చిన ఆ మాటే ఎక్కువ నొప్పించింది.

ఆయన అడిగిన దాంట్లో తప్పు లేదు, చాలామందికి ఉన్న సందేహమే అది. ఎమల్షన్ ముట్టుకుంటే అంటకుండా అరగంటలో ఆరుతుంది, నాలుగైదు గంటలకు రెండో పూత వేసుకోవచ్చు. కానీ అప్పటికి ఆరింది అందులోని నీరు మాత్రమే. ఆ నీటిలో తేలుతూ ఉండిన సన్నని ప్లాస్టిక్ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ఒకే పొరగా గట్టిపడాలి. దానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. పుష్యమాసపు చలిలో, మంచులో ఇంకా ఆలస్యం కావచ్చు. స్లాబు చూడండి, మర్నాటికే రాయిలా కనిపిస్తుంది. అయినా దాని బలాన్ని ఇంజనీర్లు 28 రోజులకు గానీ లెక్క కట్టరు.

ఇక ఆ పంపు సంగతి. మిద్దె మీది ట్యాంకు నుంచి పది మీటర్లు కిందకు దిగిన నీటికి ఉండే ఒత్తిడి ఒక్క బారు (బారు అంటే ఒత్తిడికి కొలత). ఇళ్లలో బండ్లు కడగడానికి వాడే చిన్న ప్రెషర్ పంపు నుంచి వచ్చేది నూరు బార్లకు పైనే. పాత గోడకైనా దాన్ని దగ్గర పెట్టి కొడితే కిటికీ చట్రాల సందుల్లోకి, గోడ బీటల్లోకి నీరు దూరుతుంది. లోపల చేరిన చెమ్మ తర్వాత రంగును పొక్కులుగా లేపుతుంది. పచ్చి గోడ మీద దాన్ని ఎత్తనే ఎత్తవద్దు.

నెలలోపే మసి పడితే పొడి కుంచెతో, మెత్తగా, రుద్దకుండా దులపండి. పోనిది అలాగే ఉండనివ్వండి. నెల దాటాక కడగదలిస్తే బకెట్టు నీళ్లలో చెంచాడు మెత్తని ద్రవ సబ్బు, ఒక స్పాంజి, మామూలు తోట పైపు చాలు. ఎండ నేరుగా పడని వేళ చూసుకుని, గోడను కింద నుంచి పైకి తడుపుతూ వెళ్లండి. పై నుంచి మొదలుపెడితే సబ్బు నీరు పొడి గోడ మీద జారి, ఆ చారలే మరకలై నిలుస్తాయి. చివరి వట్టి నీళ్లు మాత్రం పై నుంచి కిందకు పోయాలి. బ్లీచింగ్ పొడి, బాత్‌రూమ్ యాసిడ్ రంగును తినేస్తాయి. ఆ రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది, ఆ పని ఎన్నడూ చేయకండి. గోడకు నీళ్లు కొట్టే ముందు మెయిన్ స్విచ్ ఆపండి. స్తంభం నుంచి ఇంటికి వచ్చే కరెంటు తీగ దగ్గర అల్యూమినియం నిచ్చెన వేయకండి. ఈ పనిలో ఉన్నవాడిగా మరీ మరీ చెబుతున్నాను.

నెలలోపు నీళ్లు తగిలించదగిన సందర్భం ఒకటుంది. కొత్త రంగు మీద మంచు కురిస్తే కొన్ని గోడల మీద బెల్లం పాకం లాంటి జిగురు చారలు దిగుతాయి. ముదురు రంగుల మీద బాగా కనిపిస్తాయి. కొత్తవలసలో ఒక అమ్మగారు నేను రంగులో బంక కలిపానని అనుకున్నారు. అది రంగులో ఉండే సబ్బు లాంటి పదార్థమే, ఇంకా గట్టిపడని పొరలోంచి మంచుకు కరిగి బయటికి వస్తుంది. వట్టి నీళ్లలో ముంచిన స్పాంజితో మెల్లగా అద్ది తుడిస్తే పోతుంది. ఆ ఇంట్లో ఒకటి రెండు సార్లు మళ్లీ వచ్చి తర్వాత ఆగిపోయింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను వారం కిందటే రంగు వేసిన ఒక గోడ ఉబ్బి పొక్కులు లేచింది. గీకేద్దామని ఇంటివాళ్లు తొందరపడ్డారు. ఆగమన్నాను. నాలుగు ఎండలు కాశాక చాలా పొక్కులు వాటంతటవే అణిగాయి, మిగిలిన కాస్త చోటే మళ్లీ వేశాను.

రంగులు అమ్మే దుకాణదారులకు ఒక మనవి. షేడ్ కార్డు చూపించేటప్పుడే ఈ నెల రోజుల సంగతి కూడా చెప్పండి. మేస్త్రీ చెబితే తన పనిని వెనకేసుకొస్తున్నాడని అనుకుంటారు, మీరు చెబితే వింటారు. పండగకు రంగు వేయించదలచిన వారు డిసెంబరు రెండో వారానికల్లా పని పూర్తయ్యేలా మేస్త్రీని పిలవండి, భోగి నాటికి గోడకు నెల నిండుతుంది. కంటోన్మెంట్ ఇంటాయన ఈసారి నవంబరులోనే కబురు పెట్టారు. కిటికీ మూల నుంచి పని మొదలుపెట్టాను.

ఇట్లు,
ఒక పెయింటింగ్ మేస్త్రీ,
విజయనగరం