రాత్రిళ్ళు తడిసిన నా దుప్పట్లు మోసిన ఆంటీకి

పాప ఇప్పుడే పడుకుంది. ఎంతసేపు పడుకుంటుందో తెలీదు, అందుకే చక్కగా రాద్దామని చూడకుండా మనసులో ఉన్నది రాసేస్తున్నాను. కాన్పు అయ్యాక మొదటిసారి నిన్న రాత్రి పాలు కారి నా నైటీ తడవకుండా తెల్లారింది. లేచి పక్క తడిమి చూసుకున్నాను. పొడిగా ఉంది. మంచం మీద కూర్చుని ఏడ్చాను. ఇందుకు కారణమైన మనిషికి అందరి ముందూ కృతజ్ఞతలు చెప్పాలనిపించింది. పేరు రాయొద్దని ఆవిడ గట్టిగా చెప్పారు. నేను పిలిచేది ఆంటీ అని, ఇక్కడా అదే రాస్తాను.

పాలు కారడం కూడా ఒక సమస్యేనా అని కొందరికి అనిపించవచ్చు. పగలు నిజంగానే పెద్ద కష్టం కాదు, తుడుచుకుని పనిలో పడతాం. రాత్రి అలా కాదు. పాలు తయారుచేయించే ప్రొలాక్టిన్ హార్మోను ఒంట్లో రాత్రిపూటే ఎక్కువగా ఉంటుంది. పాప కాస్త ఎక్కువసేపు పడుకుంటే చాలు, రొమ్ములు నిండిపోయి పాలు వాటంతటవే కారతాయి. ఒకవైపు పట్టిస్తుంటే రెండోవైపు కూడా చేపుకొచ్చి ధార కడుతుంది, ఎందుకంటే పాలను బయటికి నెట్టే ఆక్సిటోసిన్ రెండువైపులా ఒకేసారి పనిచేస్తుంది. నైటీ, దుప్పటి, పరుపు, ఒక్కోసారి పాప చొక్కా కూడా తడిసిపోయేవి. చలికి మెలకువ వచ్చేది. బట్టలు మార్చుకుని నడుం వాల్చేసరికి పాప లేచేది. పులిసిన పాల వాసన తలస్నానం చేసినా పోయినట్టు ఉండేది కాదు. దానికి తోడు సిజేరియన్ కుట్లు, వంగితే ఒక నొప్పి, లేస్తే ఒక నొప్పి.

ఎవరికి చెప్పుకున్నా ఒకటే మాట వినిపించేది. "పాలు పడినందుకు సంతోషించు, పడక ఎంతమంది ఏడుస్తున్నారో తెలుసా?" తెలుసు. నా స్నేహితురాలే పాలు చాలక ఎంత నలిగిపోయిందో దగ్గరుండి చూశాను. అందుకే ఇంక ఎవరికీ చెప్పడం మానేశాను. చెప్పే హక్కు నాకు లేదేమో అనిపించేది.

తెల్లవారుజామున ఎవరూ లేవకముందే తడి దుప్పట్లు డాబా మీదికి తీసుకెళ్ళి ఆరేసేదాన్ని. ఆ వేళకి అక్కడ మొక్కలకి నీళ్ళు పోస్తూ ఆంటీ ఒక్కరే ఉండేవారు. మా మధ్య మాటల్లేవు, ఒకరినొకరు చూసి తల ఊపడం తప్ప. ఒకరోజు దుప్పటి తీగ మీద వెయ్యబోతే నా చెయ్యి పైకి లేవలేదు. ఆవిడ పైపు కింద పడేసి వచ్చి, దుప్పటి నా చేతుల్లోంచి తీసుకుని తనే ఆరేశారు. క్లిప్పులు పెడుతూ, నా ముఖంలోకి చూడకుండానే, "రాత్రంతా పాలు ఆగట్లేదా తల్లీ?" అని అడిగారు.

మీకెలా తెలిసిందన్నాను. "పసిపిల్ల తడిపితే ఇంత మరక పడదు. రోజూ చూస్తున్నా, అదే చోట తడి, అదే వాసన. నా చిన్నకొడుకప్పుడు నాదీ ఇదే గతి." ఆ తర్వాత ఒక మాట అన్నారు. "పాలు లేకపోతే ఒక కష్టం, ఎక్కువైతే ఇంకో కష్టం. వాళ్ళ కష్టం పెద్దదని నీది కష్టం కాకుండా పోతుందా?"

నేను అక్కడే వెక్కి వెక్కి ఏడ్చాను. ఊరుకో అనలేదావిడ. పక్కనే నిలబడ్డారు. నేను తేరుకున్నాక, "కుట్లతో బరువులు మొయ్యకూడదు. రేపట్నుంచి ఇవి బకెట్లో వేసి గుమ్మం బయట పెట్టు, నేను పైకొచ్చేటప్పుడు తెచ్చి ఆరేస్తా" అన్నారు. మాటవరసకి అన్నారనుకున్నాను. మర్నాడు సిగ్గేసి పెట్టలేదు. పాప లేస్తుందని బెల్లు కొట్టకుండా తలుపు మీద వేలితో తట్టి, "బకెట్ ఏదమ్మా?" అన్నారు. ఆ రోజు నుంచి కుట్లు మానేదాకా నా తడి దుప్పటి ఒక్కటి కూడా నేను మొయ్యలేదు. చుట్టం కాదు, స్నేహితురాలు కాదు, అంతకుముందు ఒక్క మాటైనా కలవని మనిషి ఇంకొకరి పాల మరకల దుప్పట్లు మెట్లెక్కి మోశారు.

ఒక మధ్యాహ్నం మెత్తటి పాత నూలు బట్టలు అరచేతి వెడల్పున కత్తిరించి, మడతలు పెట్టి కుట్టి తెచ్చారు. అప్పటిదాకా నేను వాడుతున్నవి అడుగున ప్లాస్టిక్ పొర ఉన్న ప్యాడ్లు. తడి లోపలే ఉండిపోయి చనుమొనలు ఒరిసిపోయాయి. "తడి ఒంటికి అంటుకుని ఉండకూడదు, తడవగానే మార్చెయ్" అని, మంచం పక్కన నా చెయ్యి అందే దూరంలో పొడి బట్టలు, ఇంకో నైటీ సర్దిపెట్టారు. పక్క మీద వాటర్‌ప్రూఫ్ షీటు, దాని మీద మడతపెట్టిన మందపాటి తువ్వాలు. రాత్రి తడిస్తే తువ్వాలు లాగేస్తే చాలు, పక్కంతా మార్చక్కర్లేదు. బిగుతు బ్రా తీయించి, ప్యాడ్ నిలిచేంత పట్టు మాత్రమే ఉన్న వదులు కాటన్‌ది వేసుకోమన్నారు. పాల మరకలకి ముందు చన్నీళ్ళు, ఆ తర్వాతే సబ్బు, వేడినీళ్ళు పోస్తే మరక పట్టేస్తుందని కూడా ఆవిడే చెప్పారు. ఇవేవీ పెద్ద విషయాలు కావు. కానీ నిద్రలేని మనిషికి తోచవు, ఎవరో ఒకరు వచ్చి పక్కన కూర్చుని చేసి చూపించాలి.

ఇప్పుడు కోపంగా ఒక మాట రాయాలి. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో కుట్ల గురించి ఉంది, టీకాల తేదీలు ఉన్నాయి. పాల గురించి ఒక్క ముక్క లేదు. ఫోన్ చేస్తే ఒకరు "పంపుతో పూర్తిగా ఖాళీ చేసెయ్యండి" అన్నారు, ఇంకొకరు "అసలు పంపు ముట్టుకోవద్దు" అన్నారు. రాత్రి చేస్తే ఎత్తేవాళ్ళే లేరు. మొదటి మాట ప్రకారం చేస్తే పాలు ఇంకా పెరిగాయి. ఎంత తీస్తే అంత తయారవుతాయి కదా. డబ్ల్యూహెచ్‌ఓ, యునిసెఫ్ కలిసి 1989లో ఆసుపత్రుల కోసం తల్లిపాల మీద పది సూత్రాలు ఇచ్చాయి, 2018లో వాటిని సవరించాయి. అందులో పదోది, ఇంటికి పంపాక కూడా తల్లీబిడ్డలకి సాయం సమయానికి అందేలా చూడమని. ఆ ఆసుపత్రి వరండాలో తల్లిపాల గొప్పతనం గురించి గోడ నిండా పోస్టర్లున్నాయి. పాలు పట్టే మనిషి అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎత్తడానికి ఒక మనిషిని పెట్టలేరా?

ఒకవైపు ఎర్రబడి, గట్టిపడి, జ్వరం తగిలినప్పుడు "తెల్లారేదాకా చూద్దాం" అని నేను అంటుంటే వినకుండా వేరే డాక్టర్ దగ్గరికి బయల్దేరదీసింది కూడా ఆంటీయే. దారంతా పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అక్కడ లాక్టేషన్ కౌన్సెలర్, అంటే పాలు పట్టడం గురించి తల్లులకి సలహాలిచ్చే ఆవిడ, ఓపిగ్గా చెప్పారు. పాలు పట్టడం ఆపొద్దు, గట్టిగా పిసికి మర్దనా చెయ్యొద్దు, చల్లటి గుడ్డ వేసుకోండి, నిండిపోయి నొప్పిగా ఉంటే చేత్తో హాయి అనిపించేంతవరకే తియ్యండి, ఖాళీ చెయ్యకండి. పాప తాగుతుంటే రెండోవైపు కారేవి మరిగించిన గిన్నెలో పట్టుకోవచ్చట. గది మరీ వేడిగా లేకపోతే 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు నిలవ ఉంటాయి. బయటికి వెళ్ళినప్పుడు చేపుకొస్తున్నట్టు చురుక్కుమనగానే అరచేత్తో చనుమొన మీద లోపలికి కాసేపు నొక్కి పట్టుకుంటే ఆగుతాయి, కానీ మొదటి వారాల్లో ఇది మాటిమాటికీ చెయ్యకూడదు. చాలామందికి 6 నుంచి 10 వారాల్లో పాప అవసరానికి తగ్గట్టు ఒళ్ళు సర్దుకుని కారడం తగ్గుతుంది అన్నారు. ఈ ఒక్క ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే నా టెన్షన్ సగం తగ్గేది.

ఆంటీ, మీరు ఇది చదివి "ఎందుకమ్మా ఇదంతా" అంటారని తెలుసు. మీరు మోసింది దుప్పట్లే అని మీకు అనిపించవచ్చు. ఆ రోజుల్లో పాప ఏడుపు వింటే నాకు భయమేసేది, మళ్ళీ తడిసిపోతానని. ఇప్పుడు భయం లేదు, ముందు పాపనే చూస్తున్నాను. మీ కోడలికి వచ్చే నెలలో కాన్పు అన్నారు కదా, ఆవిడకి కావలసిన నూలు ప్యాడ్లన్నీ నేను కుడతాను. వద్దంటే ఊరుకోను.

అమ్మ, అత్తయ్య, మా ఆయన, మీ ముగ్గురికీ థాంక్స్. రాత్రిళ్ళు నాతోపాటు లేచారు, మీకు తెలుసు.

పోస్ట్ చేసేస్తుంటే గుర్తొచ్చారు: మా వాచ్‌మన్ భార్య, వాన పడిన రోజు ఎవరూ చెప్పకుండానే డాబా మీది దుప్పట్లన్నీ తీసి మడతపెట్టి తెచ్చింది. మందుల షాపు అబ్బాయి, ప్యాడ్లు అడిగితే నలుగురి ముందూ గట్టిగా అరవకుండా రెండు మూడు రకాలు కవర్లో పెట్టి "నచ్చనివి వెనక్కి ఇవ్వండక్కా" అన్నాడు. అర్ధరాత్రి నా మెసేజ్‌కి "నేనూ మేలుకునే ఉన్నా" అని జవాబిచ్చిన తల్లులందరూ.

ఇంకొకరు, ఎలా మర్చిపోయానో. టీకాల రోజు క్యూలో నా కుర్తా ముందంతా తడిసిపోతే తన ఫైలు నా చేతికిచ్చి అడ్డం పెట్టుకోమని, నా ముందుకొచ్చి నిలబడిన అమ్మాయి. ఆ ఫైలు ఇంకా నా దగ్గరే ఉంది. అందులో మీ బాబు టీకాల కార్డు కూడా ఉంది. మీరు ఇది చదివితే దయచేసి మెసేజ్ పెట్టండి, మా ఆయన తెచ్చి ఇస్తారు.