'పిల్లలకు మృదువు' అన్నారు, లోపల ఏముందో చెప్పలేదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నేను హన్మకొండలో చిన్న ప్లేస్కూల్ నడుపుతాను. 18 మంది పిల్లలు, అందరూ ఐదేళ్లలోపు వాళ్లే. జూన్‌లో బడి తెరిచేటప్పుడు వరంగల్ చౌరస్తాలో ఒక హోల్‌సేల్ దుకాణంలో మీ శానిటైజర్ 5 లీటర్ల క్యాన్ కొన్నాను. బిల్లు జతచేశాను.

వారం తిరగకముందే ఇద్దరు పిల్లలకు వేళ్ల సందుల్లో ఎర్రబడి పొట్టు లేచింది. ఒక బాబు నానమ్మ వచ్చి "ఏం పూస్తున్నవ్ బిడ్డా, మా పిలగాని చేతులకు?" అని అడిగింది. మీ సరుకు వల్లే అయిందని నేను అనడం లేదు. మాటిమాటికీ రాస్తే ఏ ఆల్కహాలైనా చర్మాన్ని ఎండగొడుతుంది. కానీ ఆమె అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు.

కళ్లద్దాలు పెట్టుకుని లేబుల్ చదివాను. ముందువైపు 'పిల్లల చేతులకు మృదువు' అని బొటనవేలంత అక్షరాలు. వెనక చీమ తలంత అక్షరాల్లో 'ఇథనాల్ / ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 70%'. మధ్యలో ఆ గీత ఏమిటండీ? రెండూ కలిపారా, ఏది దొరికితే అది పోశారా? 70 శాతం లీటర్ల కొలతలోనా, తూకంలోనా? ఇథనాల్ కొలతలో 70 అయితే తూకంలో 62 దాకానే వస్తుంది. ఆ కింద 'పర్ఫ్యూమ్, రంగు: తగినంత'. తగినంత అని పులుసులో ఉప్పుకు రాస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన ఇథనాల్ ఫార్ములాలో ఇథనాల్ 80 శాతం, గ్లిజరిన్ 1.45, హైడ్రోజన్ పెరాక్సైడ్ 0.125, మిగతావి నీళ్లు, అంతే. అలర్జీ వస్తుందని సువాసన కలపొద్దనే చెప్పింది.

బ్యాచ్ నంబరు చూద్దామంటే, మూత దగ్గర కారిన మీ శానిటైజరే దాన్ని తుడిచేసింది. చివరి రెండంకెలు మిగిలాయి.

2020లో కొన్ని శానిటైజర్లలో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ ఉందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. అది చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. మింగితే చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. వాసన చూసి ఏది ఇథనాలో ఏది మిథనాలో నేను చెప్పలేను. మా పిల్లలేమో చేయి ఆరకముందే వేలు నోట్లో పెడతారు. మీ క్యాన్‌లో మిథనాల్ ఉందని కాదు, లేదని పరీక్షించిన కాగితం చూపించమంటున్నాను.

మీ టోల్‌ఫ్రీ నంబరుకు రెండుసార్లు ఫోన్ చేశాను. "మేడమ్, హండ్రెడ్ పర్సెంట్ సేఫ్" అన్నారు. క్యాన్ మీద 70 ఉన్నది ఫోన్లో 100 అయింది.

ఏ ఆల్కహాల్ వాడారు, పర్ఫ్యూమ్‌లో ఏముంది అన్నది ఈ బ్యాచ్ పరీక్ష రిపోర్టుతో పాటు 15 రోజుల్లో రాతపూర్వకంగా పంపండి. లేకుంటే క్యాన్ వెనక్కి తీసుకుని డబ్బులివ్వండి. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. మూడున్నర లీటర్లు మిగిలింది. పారబోయలేదు, మూతకు టేపు చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశాను. ప్రస్తుతానికి పిల్లలకు సబ్బు, మగ్గుతో నీళ్లే.

ఇట్లు,
ప్లేస్కూల్ నిర్వాహకురాలు,
హన్మకొండ