తమ్ముడికి, అమ్మ ఎసిట్రోమ్ గురించి

చిన్నా,

మందుల షాపు మొత్తం ఇప్పుడు నువ్వే చూసుకుంటున్నావట, నాన్న సాయంత్రం పూట వచ్చి కాసేపు కూర్చుని వెళ్ళిపోతున్నాడట, అమ్మ చెప్పింది. మంచిదే. నీ వాయిస్ మెసేజ్‌లో రెండు అడిగావు: ఆక్లాండ్‌లో ఫార్మసిస్ట్‌గా నాకు ఇచ్చిన ఆ రక్తం పల్చబడే మందుల ట్రైనింగ్‌లో ఏం నేర్పారు, అమ్మ వేసుకునే ఎసిట్రోమ్ (అదీ రక్తం పల్చబడే మందే) బదులు, షాపుకొచ్చే మెడికల్ రెప్ చెప్పిన టెస్టుల గొడవ లేని కొత్త మందు వెయ్యొచ్చా అని. రెండోది విని నాకు టెన్షన్ వచ్చింది కాబట్టి ముందు దానికే జవాబు చెప్తా.

వద్దు. అమ్మ గుండెలో పెట్టింది మెకానికల్ వాల్వ్, అంటే కృత్రిమంగా తయారుచేసిన కవాటం. అలాంటి వాల్వ్ ఉన్నవాళ్ళకి దబిగాట్రాన్ అనే కొత్త మందు ఇచ్చి చూస్తే గడ్డలు కట్టడమూ ఎక్కువైంది, రక్తస్రావమూ ఎక్కువైంది, ట్రయల్ మధ్యలోనే ఆపేశారు, 2013లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. తర్వాత అలాంటిదే ఇంకో కొత్త మందు అపిక్సబాన్‌ని, గుండె నుంచి రక్తం బయటికెళ్ళే చోట (అయోర్టిక్) మెకానికల్ వాల్వ్ ఉన్నవాళ్ళలో ప్రయత్నించి అదీ ఆపేశారు. మీ షాపుకొచ్చే మెడికల్ రెప్ చెప్పింది అబద్ధమని కాదు, గుండె లయ తప్పే జబ్బుకి, కాళ్ళలో గడ్డలకి కొత్త మందులు బాగానే పనిచేస్తాయి, ఇక్కడ న్యూజిలాండ్‌లో కూడా 2011 నుంచి దబిగాట్రాన్‌కి ప్రభుత్వమే డబ్బు కడుతోంది. కానీ మెకానికల్ వాల్వ్‌కి కాదు. అమ్మకి ఎసిట్రోమ్ ఉండాల్సిందే, పిటి ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే టెస్టు, నంబర్ పెరిగేకొద్దీ రక్తం పల్చబడినట్టు) చేయించుకోవాల్సిందే.

ఇక ట్రైనింగ్ సంగతి. ఇక్కడ వార్ఫరిన్ (ఎసిట్రోమ్ లాంటి ఇంకో మందు) వాడేవాళ్ళు ల్యాబ్‌కి వెళ్ళి సిరంజితో రక్తం ఇచ్చి, డాక్టర్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చేదాకా ఎదురుచూడక్కర్లేకుండా, మందుల షాపులోనే వేలి చివర గుచ్చి చిన్న మెషీన్‌లో ఒక్క చుక్క పెడితే నిమిషంలో ఐఎన్ఆర్ వచ్చేస్తుంది, డోసు, మళ్ళీ ఎప్పుడు రావాలో అక్కడికక్కడే ఫార్మసిస్ట్ రాసిస్తాడు. మొదట 15 షాపుల్లో పెట్టి చూశారు, ఫలితం బావుందని 2012 నుంచి దేశమంతా తెచ్చారు. అంతకుముందు లెక్కలు దొరికిన పేషెంట్లని పోల్చి చూస్తే, ఐఎన్ఆర్ ఉండాల్సిన చోట ఉన్న సమయం దాదాపు 62 శాతం నుంచి 78 శాతానికి పెరిగింది. ఫార్మసిస్టులు డాక్టర్ల కంటే తెలివైనవాళ్ళని కాదు దీనర్థం. షాపు ఇంటి పక్కన ఉంటుంది, మనిషి తరచుగా వస్తాడు, వచ్చినప్పుడు మాట్లాడతాం, అంతే.

డాక్టర్ ముందే రాసి సంతకం పెట్టిన అనుమతి ఉంటుంది, దాన్ని దాటి మేం పోకూడదు, నంబర్ మరీ ఎక్కువో తక్కువో వస్తే వెంటనే డాక్టర్‌కి ఫోన్. ట్రైనింగ్‌లో చదువుకోవాల్సింది చాలానే ఇచ్చారు, పరీక్ష పెట్టారు, ఒకళ్ళ వేలు ఒకళ్ళం గుచ్చుకున్నాం. వేలిని పిసక్కూడదు, గుచ్చిన 15 సెకన్లలో చుక్క స్ట్రిప్ మీద పడాలి, ఇవన్నీ ఒక పూటలో వచ్చేస్తాయి. డోసు లెక్క సాఫ్ట్‌వేర్ చేసేస్తుంది. అసలు కష్టం ఆ తర్వాతే.

మాకు ఒక కేసు ఇచ్చారు. ఏడాదిగా 2.5 దగ్గర నిలకడగా ఉన్న మనిషికి ఇవాళ 1.6 వచ్చింది, ఏం చేస్తారు? గదిలో సగంమంది డోసు పెంచుతాం అన్నారు. మా ట్రైనర్, ముప్ఫై ఏళ్ళుగా హాస్పిటల్ ఫార్మసీలో ఉన్న ఆవిడ, "ముందు అడగండి, తర్వాత మార్చండి" అంది. మాత్ర మర్చిపోయాడా? ఊరికెళ్ళాడా? కొత్త మందు మొదలుపెట్టాడా, పాతది ఆపేశాడా? తిండి మారిందా? మాత్ర రంగు మారిందా? (ఇక్కడ ఒక బ్రాండ్‌లో 1 మి.గ్రా. గోధుమ రంగు, 3 నీలం, 5 గులాబీ, ముసలాళ్ళు నంబర్ చెప్పరు, రంగే చెప్తారు.) రెండు రోజులు మాత్ర మర్చిపోయినవాడికి డోసు పెంచామనుకో, వాడు మళ్ళీ సరిగ్గా వేసుకోవడం మొదలుపెట్టగానే ఐఎన్ఆర్ ఆకాశానికి పోతుంది. ఇంకోటి, ఈ మందు ఇవాళ వేస్తే ఇవాళ పనిచేసేది కాదు. రక్తం గడ్డకట్టించే పదార్థాల్లో ఒకటి కొన్ని గంటల్లో తగ్గిపోతే, ఇంకొకటి తగ్గడానికి రోజులు పడుతుంది, అంటే ఇవాళ మెషీన్ చూపించే నంబర్ గత కొన్ని రోజుల సంగతి. డోసు మార్చి మర్నాడే టెస్ట్ చేసి ఇంకా తగ్గలేదని మళ్ళీ మార్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మా షాపు దక్షిణ ఆక్లాండ్‌లో కదా, వచ్చేవాళ్ళలో సమోవా, టోంగా వాళ్ళు, మావోరీలు ఎక్కువ. చిన్నప్పుడు గొంతునొప్పితో మొదలై రుమాటిక్ జ్వరం వచ్చి వాల్వ్ పాడైనవాళ్ళు, అచ్చం అమ్మలాగే. కొంతమంది నాకంటే చిన్నవాళ్ళు. ఒక మావోరీ ఆవిడ ఆదివారం ఆదివారం మాంసంలో వాటర్‌క్రెస్ అనే ఆకు దండిగా వేసి ఉడికించుకుని తింటుంది. ఆకుకూరలు ఈ మందు పనిని తగ్గిస్తాయి, అయినా మానెయ్యమని మేం చెప్పం, ప్రతి వారం దాదాపు అంతే తినమంటాం, దానికి తగ్గట్టు డోసు పెడతాం. అమ్మ గోంగూర మానేసిందని విన్నా. ఎవరు చెప్పారో గానీ తప్పు చెప్పారు. గోంగూర, తోటకూర, పాలకూర అన్నీ తినొచ్చు, వారానికి ఎంత తింటుందో అటూ ఇటూగా అంతే తినాలి. ఆషాఢం వచ్చిందని మునగాకు వారం రోజులు వరసగా వండి తర్వాత పూర్తిగా ఆపెయ్యడం మాత్రం వద్దను.

పసుపు గురించి కూడా. కూరలో వేసేది కాదు, క్యాప్సూల్స్. 2018లో ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ మెడ్‌సేఫ్ హెచ్చరిక ఇచ్చింది, వార్ఫరిన్ వాడే ఒక పేషెంట్ పసుపు క్యాప్సూల్స్ మొదలుపెట్టాక కొన్ని వారాల్లోనే ఐఎన్ఆర్ 10 దాటిపోయిందని. మన ఊళ్ళో ఇప్పుడు కీళ్ళనొప్పులకి అవి తెగ అమ్ముతున్నారు కదా, కౌంటర్ మీద పెట్టకు, పెట్టినా అడిగి అమ్ము.

నీకు అక్కడ డోసు మార్చే అధికారం లేదు, మార్చకు కూడా. కానీ నువ్వు చెయ్యగలిగింది తక్కువేం కాదు. ఎసిట్రోమ్, వార్ఫరిన్ కొనే ప్రతివాళ్ళ పేరూ ఒక పుస్తకంలో రాసుకో, ఎన్ని మిల్లీగ్రాములు, ఎందుకు వాడుతున్నారు, చివరి ఐఎన్ఆర్ ఎంత, ఎప్పుడు చేయించారు. 2 మి.గ్రా. స్టాక్ లేదని 4 చేతిలో పెట్టి "సగం వేసుకోండి" అనకు, ఇంటికెళ్ళాక సగం సంగతి ఎవరికీ గుర్తుండదు. ఎసిట్రోమ్ బదులు వార్ఫరిన్ అసలు ఇవ్వకు, అది వేరే మందు, మిల్లీగ్రాముకి మిల్లీగ్రాము సరిపోదు. ఆ పుస్తకంలో పేరున్న మనిషి మెట్రోనిడజోల్ చీటీయో, ఫ్లుకొనజోల్, సెప్ట్రాన్ లాంటి ఇన్‌ఫెక్షన్ మందుల చీటీయో పట్టుకొస్తే, అవి ఐఎన్ఆర్‌ని పెంచుతాయి కాబట్టి, ఇచ్చే ముందు రాసిన డాక్టర్‌కి ఫోన్ చెయ్యి. నోటిపూతకి రాసే మైకొనజోల్ జెల్ కూడా అంతే, పూతమందే కదా అనుకుంటారు గానీ అది ఐఎన్ఆర్‌ని బాగా పెంచుతుంది. ఆర్ఎంపీ దగ్గర నడుంనొప్పికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేయించుకునేవాళ్ళకైతే గట్టిగా చెప్పు: కడుపులో రక్తం రావొచ్చు, సూది వేసిన చోట లోపల రక్తం గడ్డకట్టి వాచిపోవచ్చు. మలం నల్లగా తారులా వస్తే, తలకి దెబ్బ తగిలితే, బయటికి ఏం కనపడకపోయినా హాస్పిటల్‌కే.

కొందరు విసుక్కుంటారు, "మందు ఇవ్వవయ్యా, ఇన్ని ప్రశ్నలెందుకు" అంటారు. ఇక్కడా అంటారు. రెండోసారి వచ్చినప్పుడు వాళ్ళే చెప్తారు.

అమ్మ చివరి నాలుగైదు రిపోర్టులు ఫోటో తీసి పంపు, ఏ రోజు ఎన్ని మిల్లీగ్రాములు వేసుకుంటోందో కూడా రాసి పంపు. వాల్వ్ మైట్రల్ (గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండేది) కాబట్టి మామూలుగా 2.5కీ 3.5కీ మధ్య ఉండమంటారు, ఆవిడ డాక్టర్ ఎంత రాశారో డిశ్చార్జ్ కాగితంలో చూడు. మాత్ర సాయంత్రం ఒకే టైమ్‌కి వెయ్యి, మర్చిపోతే ఆ రోజు రాత్రి గుర్తొచ్చినా వేసుకోవచ్చు, మర్నాడు మాత్రం రెండు కలిపి వేసుకోనివ్వకు.

మోకాళ్ళు నొప్పి అని అమ్మ అన్నప్పుడల్లా నాన్న షాపులోంచి ఏదో బిళ్ళ తీసిచ్చేస్తాడు, అది నాకు తెలుసు. ఆ అలవాటు ఇవాళే మాన్పించు. పారాసిటమాల్ చాలు, అది కూడా రోజూ వరసగా వేసుకోవాల్సొస్తే ఐఎన్ఆర్ త్వరగా చేయించండి. నాన్నకి కోపం వస్తే నా పేరు చెప్పు, నేను ఆదివారం ఫోన్ చేసి తిట్లు తింటాలే.

అక్క