నష్టాల లెక్కలో నిద్ర కూడా రాసుకోండి

సంపాదకులు గారికి,

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలో మా సింగ్‌నగర్ మీద పడ్డాక, నష్టాల లెక్క రాసుకోవడానికి వచ్చినవాళ్ళు ఫ్రిజ్, మంచం, బండి అన్నీ అడిగారు. కింది అంతస్తు వాళ్ళకు 25,000, పైవాళ్ళకు 10,000 అని ప్రభుత్వం ప్రకటించింది. ఫైరింజన్లు వచ్చి ఇళ్ళల్లో బురద కడిగాయి. అందులో వంక పెట్టడానికి లేదు. రాత్రిళ్ళు నిద్ర పడుతోందా, పిల్లలు బడికి పోతున్నారా అని మాత్రం మా వీధిలో ఎవరూ అడగలేదు.

మా మనవరాలు రెండో తరగతి. మబ్బు పడితే చాలు, పుస్తకాల సంచి అటక మీద పెట్టమని పేచీ. మా అబ్బాయి ఆటో మునిగింది, వాయిదాలు మునగలేదు. పలకరిస్తే కసురుతాడు. ఎవరి టెన్షన్ వాళ్ళది.

మాది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి నాకు పన్నెండేళ్ళు. మా అమ్మ ఆ రాత్రి సొంత చెల్లెల్ని పోగొట్టుకుంది. తర్వాత చాలా ఏళ్ళు, కార్తీకంలో గాలి లేస్తే పడుకునేది కాదు. గుండె దడ అనేది. ఏదో సోకిందని తాయెత్తు కట్టించారు. ‘పోయినవాళ్ళు పోయారు, ఊరుకో’ అనడమే అప్పటి వైద్యం. అమ్మ తేరుకున్నది ఆ మాటతో కాదు. బిడ్డను పోగొట్టుకున్న పక్కింటావిడా, అమ్మా బియ్యం ఏరుకుంటూ అదే సంగతి మళ్ళీ మళ్ళీ చెప్పుకునేవారు. వినేవాళ్ళకు విసుగు. అమ్మ ఆ పూట మాత్రం రెండు ముద్దలు ఎక్కువ తినేది.

కాబట్టి అందరికీ డాక్టరు కావాలని నేననను. పని, బడి, చెప్పుకోవడానికో మనిషి ఉంటే చాలామంది నెమ్మదిగా కుదుటపడతారు. మనవరాలి టీచరు వాన కొలిచే పని దానికే అప్పగించారు. గ్లాసు బయటపెట్టి స్కేలుతో చూడటం. ‘ఇవాళ రెండు సెంటీమీటర్లే తాతయ్యా’ అంటూ వస్తోంది. పేచీ తగ్గింది. ఆ టీచరుకు ఇది ఎవరూ నేర్పలేదు, ఆవిడకే తట్టింది. మిగతా బళ్ళలో టీచర్లకు ఒక్కరోజు శిక్షణ ఇవ్వలేరా?

నెల దాటినా నిద్ర లేనివాళ్ళనూ, ఉలిక్కిపడుతున్నవాళ్ళనూ మాత్రం డాక్టరుకు చూపించాల్సిందే. వాళ్ళను గుర్తించడానికి వార్డు సచివాలయంలో ఉండే ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) ఇంటింటికీ వస్తే చాలు. అయితే ‘మనసు బాగుందా’ అని అడిగితే మా వయసువాళ్ళు బాగుందనే అంటారు. ఆకలి, నిద్ర, గుండె దడ అడగాలి.

మనసు బాగాలేనివాళ్ళు ఫోన్‌లో సాయం అడగడానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు 14416 అని 2022 అక్టోబరు నుంచి ఉంది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మా వీధిలో నేను అడిగినవాళ్ళెవరికీ తెలియదు. ఇకమీదట వరద సాయం జమైందని ఫోనుకు వచ్చే మెసేజ్ కిందనే ఆ నంబరు వేయమని అధికారులను కోరుతున్నాను. రేషన్ డిపోల గోడల మీద కూడా రాయించాలి. ఈ వానలు ముదరకముందే.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, సింగ్‌నగర్, విజయవాడ